రెండో సీసా

ముప్పై ఒక్క ఏళ్ళు సబ్బుల కంపెనీ లైను తిరిగినవాణ్ణి.
కృష్ణలంక నుంచి కబేళా దాకా
ఏ కొట్టువాడు చెప్పిన తారీఖుకి డబ్బిస్తాడో
ఎవడు "రేపు రండి" అంటాడో
కళ్ళు మూసుకుని చెప్పగలను.
అందుకే ఆ అమ్మాయి నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

ఫర్హీన్. వించిపేట.
సంచిలో పన్నెండు సీసాలు,
పట్టుచీరలు ఉతికే కుంకుడు రసం,
వంటింట్లోనే కాచి, వడకట్టి, చల్లార్చి.
మూత తీస్తే తలంటు రోజు వాసన.
"బాబాయ్ గారూ, ఊరంతా తెలియాలంటే ఏం చెయ్యాలి?"

ఊరంతా ఎందుకమ్మా అని అడగాల్సింది.
అడగలేదు.
నాకొచ్చిన ఒక్క విద్యా బయటికి తీశాను:
యాభై కొట్లు, కొట్టుకి నాలుగు సీసాలు,
డజనుకి ఒకటి ఫ్రీ,
గల్లాపెట్టె పక్కన, కంటికి ఎదురుగా.
బెంజి సర్కిల్లో హోర్డింగు పడితే తిరుగుండదని కూడా అన్నాను,
డబ్బు నాది కాదు కదా.

నెల తర్వాత ఇద్దరం తిరిగాం నా మోపెడ్ మీద.
పెట్టిన సీసాలు పెట్టినట్టే ఉన్నాయి,
పైన దుమ్ము మాత్రం కొత్తది.
ఒక కొట్లో తలుపు గాలికి కొట్టుకోకుండా
మా సీసానే అడ్డం పెట్టారు.
ఆ పిల్ల పకపకా నవ్వింది.
నాకు నవ్వు రాలేదు.
ఇన్నేళ్ళూ నేను అమ్మాననుకున్నది
టీవీ ముందే అమ్మేసిన సబ్బు,
నేను మోసుకెళ్ళానంతే
అని మే నెల ఎండలో, రథం సెంటర్లో,
మోపెడ్ స్టాండ్ వేస్తూ తెలుసుకున్నాను.

"మా నాన్న దగ్గరికి రండి, టీ తాగుదురు గాని" అంది.

వస్త్రలత వెనక సందు. మనిషి పట్టేంత కొట్టు.
జిలానీ గారు రఫూ చేస్తారు,
చిరిగిన చోటు ఏదో మళ్ళీ వెతుక్కోవాలి, అంత సన్నటి సూది.
వచ్చిన ప్రతి ఆడమనిషినీ ఒకే మాట అడుగుతారు:
"ఎట్లా ఉతికారమ్మా?"
ఇక వాళ్ళు ఆగరు.
జరీ నల్లబడింది. అంచు రంగు పొట్టలోకి దిగింది.
మెషీన్లో వేసింది మా కోడలు, నేను కాదు.
ఇది మా అమ్మది, ఇంకోటి లేదు.

నేను టీ గ్లాసు పట్టుకుని అట్లాగే కూర్చున్నాను.
యాభై కొట్లు తిరిగి నేను వెతికిన జనం
తమంతట తామే నడిచొచ్చి
గాయం విప్పి చూపిస్తున్నారు.

అప్పట్నుంచి ఫర్హీన్ ఆ కొట్లో స్టూలు వేసుకుంది.
అమ్మలేదు. రాసుకుంది, వాళ్ళ మాట వాళ్ళ మాటగానే.
దగ్గుమందు సీసాల్లో ఒక్క చీరకి సరిపడా పోసిచ్చింది.
"ఎంత పొయ్యాలే?" అని ఒకావిడ విసుక్కుంటే
"బకెట్టుకి రెండు మూతలు" అని లేబుల్ మీదికెక్కింది.
"సహజ ఔషధ గుణాలు" దిగిపోయింది, అది నేను రాయించిందే.
దాని చోట ఇప్పుడు: "అమ్మ చీరకి."

పద్దెనిమిది మందికి ఇచ్చింది. ఏడుగురు తిరిగొచ్చారు.
ఏడేనా అని మొహం వేలాడేసింది.
పిచ్చిపిల్లా,
మొదటి సీసా మొహమాటం.
చుట్టం కొంటాడు, పక్కింటావిడ కొంటుంది,
నువ్వు నవ్వావని కూడా కొంటారు.
రెండోదానికి పటమట నుంచి వానలో బస్సు మారి వచ్చిందే,
సరుకు లేదంటే "లేదంటే ఎట్లా?" అని కేకలేసిందే,
ఆ తిట్టు రాసుకో. తారీఖు వేసి రాసుకో.
ఆ రోజు మొదలైంది నీ వ్యాపారం.
పదకొండు మంది ఎందుకు రాలేదో
వాళ్ళింటికెళ్ళి అడుగు, సీసా తీసుకెళ్ళకుండా.

ఇదంతా నాకు ముందే తెలిసినట్టు చెప్పాను.
వయసుకి అదొక్కటే సుఖం.

నిన్న మా సుభాషిణి చీరలు ఆరేస్తూ అంది,
"ఆ పిల్ల సీసా అయిపోయింది, ఇంకోటి తే."
ముప్పై ఒక్క ఏళ్ళు ఊరికే తెచ్చి పోసిన సబ్బుల్లో
ఒక్కటి కూడా ఇంకోటి తెమ్మని అడగని మనిషి.
సరేనని చెప్పులు వేసుకుంటుంటే
పోపుల డబ్బాలోంచి నూట ఇరవై తీసి చేతిలో పెట్టింది.
"ఊరికే తేకు. కొను."